జవాబు అక్కర్లేదు

జనరల్ లూషస్ పెన్రో మనవరాలు కార్డీలియా చేతి గ్లౌజులైనా తీయకుండా చెయ్యి చాచింది.

"ఎవర్తో డీలియా మాస్ అట, దాని ఉత్తరం ఇలా పడెయ్, వెర్నా. రేపు తాతగారి విగ్రహావిష్కరణ. పేపరువాళ్ళొచ్చి ఈ పెట్టెలన్నీ కెలుకుతారు."

ఒహాయోలోని ఆ చిన్న ఊరి చరిత్ర సంఘంలో జనరల్ ఉత్తరాలను ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉన్నది వెర్నాయే. ఆ ఉత్తరం ఆమెకు కంఠతా వచ్చు. అమెరికా అంతర్యుద్ధంలో ఒళ్ళు కాలే జ్వరంతో ఇంటిదారి పట్టిన కుర్రాణ్ణి, దండు విడిచి పారిపోయాడని జనరల్ కాల్చి చంపించాడు. వాడి తల్లి డీలియా న్యాయాన్యాయాల జోలికే పోలేదు. నా బిడ్డను ఎక్కడ పూడ్చారో చెప్పండి, చాలు, అని రాసింది. దండుకు వచ్చిన ఉత్తరాన్ని మడిచి, దాని వెనకవైపే నిర్ణయం రాయడం అప్పటి అలవాటు. దీని వెనక జనరల్ దస్తూరీలో రెండే ముక్కలున్నాయి: జవాబు అక్కర్లేదు. అవి చూసినప్పుడల్లా వెర్నాకు కడుపు మండిపోయేది.

"తీసుకోండమ్మా. ఈ పెట్టెలు ఇచ్చింది మీ ఇంటివాళ్ళు, హక్కు మీది" అంటూనే ఆమె టైపు మిషన్‌లోకి ఒక గులాబీరంగు కాగితం ఎక్కించింది.

"అదేమిటి?"

"పెట్టెలోంచి ఏది తీసినా దాని చోట ఇది పెట్టాలి. ఇవి ఇస్తూ మీ నాన్నగారు పెట్టిన నియమమే."

టకటకా కొట్టి ముందుకు జరిపింది. ఎవరు రాశారు, ఏమడిగారు, వెనక జనరల్ ఏం రాశారు, ఇప్పుడు తీసేసిందెవరు, అన్నీ అందులో ఉన్నాయి. అడుగున సంతకానికి చోటుంది.

కార్డీలియా మొహం జేవురించింది. "ఏదో ఉత్తరం తీశామని రాసి ఊరుకోలేవూ?"

"కుదరదమ్మా. ఏం పోయిందో చెప్పకపోతే ఈ కాగితం దేనికి?"

"రేపటికల్లా నీ ఉద్యోగం ఊడుతుంది, చూస్కో!"

ఆ జీతం తప్ప వెర్నాకు మరో ఆధారం లేదు. అయినా కాగితాన్ని ఇంకాస్త ముందుకు తోసింది.

"ఊడితే ఊడనివ్వండి. నా తర్వాత ఎవరొచ్చి ఆ పెట్టె తెరిచినా మీ సంతకమే కనబడుతుంది."

కార్డీలియా విసురుగా సంచీలోంచి పెన్ను తీసింది.

"ఇక్కడ పెన్ను పనికిరాదమ్మా. సిరా మరకలు పడతాయి. ఇదుగో పెన్సిలు."

పెన్సిలు మొన కాగితం మీదే ఆగిపోయింది. తన పేరు అక్కడ రాయడానికి ఆమెకు చెయ్యాడలేదు. పెన్సిల్ని ఠపీమని బల్లమీద కొట్టి వెనుదిరిగింది.

"ఈ దరిద్రం నువ్వే నెత్తిన పెట్టుకో!" అంటూ తలుపు దభాలున వేసుకుని పోయింది.

వెర్నా ఉత్తరాన్ని తిరిగి పెట్టెలో పెట్టబోయి ఆగింది. ఇన్నాళ్ళూ పెట్టెలో మగ్గింది చాలనిపించింది. ముందు గదిలో, రేపటికోసం సర్దిన గాజు బీరువా తాళం తీసి, జనరల్ కత్తిని కాస్త పక్కకు జరిపి డీలియా ఉత్తరం పరిచింది. వెనకవైపు కనబడదు కదా, ఆ రెండు ముక్కలూ అట్టమీద టైపు చేసి, జనరల్ పేరుతో సహా, కింద ఆనించింది.

రానీ పేపరువాళ్ళని, అనుకుంటూ బీరువాకు తాళం వేసింది.