నడవ పక్కన సీటు

“ఇక్కడి కుర్చీ ఎక్కడికెళ్ళింది?” అంటూ మా ఆయన భోజనాల బల్ల చుట్టూ వెతుకుతున్నారు.

“నన్నడక్కండి. మొన్న నేల మీద గీత పడితే కూడా నన్నే అన్నారు.”

“మరి దానికేమైనా కాళ్ళొచ్చాయా?”

“నాలుగున్నాయి, కొన్నప్పట్నుంచీ.”

కుర్చీ అత్తయ్య గదిలో దొరికింది. బీరువాకీ మంచానికీ మధ్య ఇరుకులో దాన్ని వేసుకుని, మోకాళ్ళు మంచం పట్టెకి తగులుతుండగా, ఆవిడ ఒళ్ళో అల్లిక పెట్టుకుని కూర్చున్నారు.

“ఏంటమ్మా ఇది?”

“విమానం.”

అత్తయ్యకి మిగిలిన తోబుట్టువు ఒక్క అక్కే. సముద్రాల అవతలి నగరంలో కూతురి దగ్గర ఉంటూ, తుంటి విరిగి మంచం పట్టింది. చూడాలంటే ఈవిడే వెళ్ళాలి. టికెట్ మీద ఉదయం ఎనిమిదికి బయల్దేరడం, మధ్యాహ్నం ఒంటిగంటకి దిగడం చూసి మా ఆయన “ఐదు గంటలేనమ్మా” అనేశారు. తొమ్మిది వేల కిలోమీటర్లు ఐదు గంటల్లో ఎలా పోతారండీ, దిగే టైము అక్కడి గడియారంది, అది మనకంటే ఆరు గంటలు వెనక అని నేను చెప్పేసరికి ఆయన మొహం పాలిపోయింది. మొత్తం పదకొండు గంటలు. అత్తయ్యకి కాసేపు కదలకుండా కూర్చుంటే చాలు, కాళ్ళు వాచిపోతాయి. గంటకోసారి లేచి నడవాల్సిందేనన్నాడు డాక్టరు.

“వద్దులేమ్మా, ఫోన్లో చూసుకోవచ్చుగా. రేపటిలోగా రద్దు చేసేద్దాం,” అన్నారాయన. ఆ మర్నాడే, అంటే ఇవాళ, కుర్చీ మాయమైంది.

ఆయన ఆఫీసుకి వెళ్ళాక అత్తయ్య నన్ను పిలిచి, “ఆ స్టూలు తెచ్చుకుని నా పక్కన, దారివైపు కూర్చో. నువ్వు పక్క సీటావిడవి. నిద్రపో,” అన్నారు.

కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపటికీ ఆవిడ లేవలేదు. కళ్ళు తెరిచి చూస్తే చీలమండలు అప్పుడే ఉబ్బాయి.

“లేవలేదేం?”

“నువ్వు నిద్రపోతున్నావు కదే. పరాయి మనిషిని ఎలా లేపను?”

అసలు చిక్కు మోకాళ్ళలో లేదు, మొహమాటంలో ఉంది. పైగా మా ఆయన, వాళ్ళమ్మకి మబ్బులు కనిపిస్తాయని ముచ్చటపడి, కిటికీ సీటే తీసుకున్నారు.

కాళ్ళు ఎత్తు మీద పెట్టించి, వాపు దిగాక, ఆవిడ దారివైపు వచ్చేలా స్టూలూ కుర్చీ స్థలాలు మార్చాను. ఇక గంట కాగానే ఆవిడ తనంతట తానే లేచి, వంటింటిదాకా నడిచి, నా పప్పులో ఉప్పు చూసి మరీ వెనక్కి వచ్చారు. చీకటి పడేదాకా అదే వరస. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ మాట పుట్టించినవాళ్ళు మా అత్తయ్యని చూడలేదు.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన వంగి తల్లి చీలమండ మీద వేలితో నొక్కి చూశారు. గుంట పడలేదు.

“అయినా పదకొండు గంటలమ్మా...”

“మీ నాన్నతో నలభై ఏళ్ళు కాపురం చేశానురా. ఇదొక లెక్కా?” అత్తయ్య కంచంలోకి పెరుగు వంచుకున్నారు. “నేను వెళ్తున్నాను. కిటికీ వద్దు, నడవ పక్కన సీటుకి మార్పించు. మబ్బులు తిరిగొచ్చేటప్పుడు చూస్తాలే. ముందు అక్కని చూడాలి.”