జంట డాన్సుకు నెమ్మది పాట

కొడుకు పెళ్లి విందులో జంట డాన్సు ఉండి తీరాలని వెంకట్రాం పటేలు పట్టుబట్టాడు. కాబోయే కోడలు మేఘన హైదరాబాదులో చదివిన పిల్ల. అక్కడ పెళ్లికొడుకూ పెళ్లికూతురూ లైట్లు తగ్గించుకుని, ఒకరి మీద ఒకరు చెయ్యేసుకుని, నిలబడ్డచోటే మెల్లగా ఊగుతారట. మానుకోటలో ఇప్పటిదాకా ఎవరూ అలా ఊగలేదు గనుక అది తన ఇంట్లోనే మొదలు కావాలని పటేలు ముచ్చట.

ఊగడానికి పాట కావాలి. ఆ పని గోపాల్ ఆర్కెస్ట్రా మీద పడింది. గోపాల్ కీబోర్డు వాయిస్తాడు, జమున పాడుతుంది. గంగారం వైపు తండా నుంచి వచ్చిన జమున సినిమా పాట ఏది అడిగినా, అసలు పాడినామె కంటే పిసరంత బాగానే పాడుతుందని గోపాల్ అందరికీ చెప్పుకుంటాడు.

సకల జనుల సమ్మె ముగిసి కొన్నాళ్లే అయింది. వెంకట్రాం పటేలు అంతకు ముందు దాకా ఉద్యమం మాట వస్తే టీవీ కట్టేసేవాడు. తర్వాత గాలి ఎటు తిరిగిందో చూసుకుని కండువా మార్చాడు. ఆలస్యంగా వచ్చినవాడు గనుక అందరికంటే పెద్ద గొంతుతో నినాదాలిచ్చేవాడు.

పెళ్లికి ముందు రోజు, ఫంక్షన్ హాల్లో కుర్చీలు దించుతుండగా పాటల ఎంపిక మొదలైంది. గోపాల్ ఒక ప్రేమపాట వాయించాడు.

"గిది ఎవలు రాసిండ్రు?" అన్నాడు పటేలు.

"గుంటూరాయన రాసిండట పటేలా."

"తీసెయ్."

గోపాల్ ఇంకొకటి అందుకున్నాడు. "రాసినాయన మనోడే పటేలా, వరంగల్."

"మరి హీరో?"

గోపాల్ వేళ్లు ఆగిపోయాయి.

"తీసెయ్. రేపు పెద్ద లీడర్లు వస్తున్నరు. ఆంధ్రోళ్ల పాటకు నా కొడుకు ఎగిరిండంటే నా ఇజ్జతేం గావాలె?"

"ఎగురుడు కాదు బాపూ, ఊగుడు," అన్నాడు పెళ్లికొడుకు వరుణ్.

"పోనీ హిందీ పాట పాడుదుమా?" అంది జమున.

"ఢిల్లీ ఓళ్లు ఇస్తమని చెప్పి నానబెడ్తలేరా? వాళ్ల పాట మనకెందుకు?"

"ఇంగ్లీషు?" అన్నాడు వరుణ్ ఆశగా.

"నాకు రాదు చిన్న పటేలా. వచ్చినా వద్దు. మీ బాపు ఇంగ్లండోళ్ల మీద గూడ పోరాటం మొదలువెడ్తడు," అంది జమున.

పటేలు అది పొగడ్త అనుకుని మీసం సవరించుకున్నాడు. "మన ఉద్యమం సభల పాడే ధూంధాం పాటలున్నయి కద?"

"గవి డప్పు మీద పాడేటివి పటేలా. గవి అందుకుంటే పెళ్లిపిల్ల చీర కుచ్చిళ్లు నిలువయి," అన్నాడు గోపాల్.

పటేలుకు ఒకటి గుర్తొచ్చింది. మొహం వెలిగింది. "మొన్న కురవి సభల నువ్వు పాడినవే, మెల్లగ, గుండె పిండినట్టు? గది వెట్టు!"

జమున మొహంలో నవ్వు పోయింది. అది ఆమె తమ్ముడు హీర్యా మీద తనే కట్టుకున్న పాట. హీర్యా తెలంగాణ కోసమని ప్రాణం తీసుకున్నాక చాలాకాలం ఆమె ఏ స్టేజీ ఎక్కలేదు. మళ్లీ ఎక్కినప్పుడు మొదట పాడింది అదే. సభల్లో ఆ పాట ఎత్తుకోగానే జనం లేచి నిలబడతారు, పిడికిళ్లు ఎత్తుతారు. చివర్లో వేదిక మీది పెద్దమనిషి ఒకరు అమరుడి పేరు పలికితే అందరూ జోహార్ అంటారు. కురవిలో వేదిక మీద పటేలు కూడా ఉన్నాడు. పాట సాగినంతసేపూ చెవిలో ఫోనుంది గనుక ఆయనకు రాగం తప్ప మరేదీ ఎక్కలేదు.

"గది నా తమ్ముని పాట పటేలా."

"తెలుసు బిడ్డా. మీ తండాకు నేను రాలేదా? ఆ పిలగానికి దండ నేనే ఎయ్యలేదా?"

వేశాడు. ఫొటో సరిగ్గా రాలేదని తీసి మళ్లీ వేశాడు.

"మాటలు తీసేసి రాగం ఉంచు. పిల్లలు మంచిగ ఊగుతరు," అని తేల్చేసి పటేలు వంటల వైపు వెళ్లిపోయాడు. మీ తమ్ముడనైనా అనలేదు, ఆ పిలగాడు అన్నాడు. పేరైతే అసలే అనలేదు. జమున అది గమనించింది.

"నేను పాడ గోపాలన్నా. హీర్యా పాటకు ఆళ్లు నడుములు పట్టుకుంటరా?"

"కాదంటే ఈ చుట్టుపక్కల మనకు స్టేజి దొరకది జమునా."

"దొరక్కపోతే పత్తి ఏరుత." వెళ్లబోతూ వెనక్కి తిరిగి అడిగింది. "రేపు ఎవలెవలు వస్తరు?"

"ఊర్లన్నిట్ల చెప్పిండు. మీ తండాల గూడ. ఓట్లున్నయి కద."

జమున మైకు చేతిలోకి తీసుకుని చూసింది. "గట్లయితే పాడుత. ఆయన అన్నట్టే, మాటలు లేకుండ."

మర్నాడు సాయంత్రం హాలు కిక్కిరిసింది. లైట్లు తగ్గాయి. స్టేజి ముందు పొగ వదిలారు. ముందు వరుసలో ముసలాళ్లు దగ్గారు. వరుణ్ మేఘన నడుము మీద బెరుగ్గా చెయ్యేశాడు. జమున పెదవి విప్పకుండా రాగం ఎత్తుకుంది.

వెనక బల్ల దగ్గర తింటున్న జమున తల్లి ప్లేటు పక్కన పెట్టి లేచింది. తండావాళ్లు లేచారు. కేసముద్రం మార్కెట్ హమాలీలు లేచారు, పంతుళ్లు లేచారు. ఎందుకో తెలియనివాళ్లు అందరూ లేచారు గదా అని లేచారు. ఎడమ చేతిలో బిర్యానీ ప్లేటు, పైకెత్తిన కుడి పిడికిలికి మసాలా. పెద్ద లీడర్లు కూడా సోఫాల్లోంచి లేచేసరికి పటేలుకు కూర్చునే దారి లేకపోయింది. కొడుకు ఊగుతున్నాడు, తండ్రి పిడికిలెత్తి నిలబడ్డాడు. ఎవరిని తియ్యాలో తెలియక వీడియో అతను కెమెరాను అటూ ఇటూ తిప్పుకున్నాడు.

ముందు ఆగింది మేఘన. "వరుణ్, ఆగు. గిది డాన్సు పాట కాదు," అంది. భర్త భుజం మీంచి గోరింటాకు చెయ్యి తీసి పిడికిలి బిగించి ఎత్తింది.

రాగం ముగిసింది. జమున స్టేజి దిగి వచ్చి పటేలు నోటి దగ్గర మైకు పెట్టింది.

"పేరు చెప్పుండ్రి పటేలా. జనం చూస్తున్నరు."

పటేలు గొంతు సవరించుకున్నాడు. "అమరవీరులందరికీ..."

"అందరికి తర్వాత చెప్పుదురు. గీ పాట ఒక్కనిది."

పటేలు గోపాల్ వైపు చూశాడు. గోపాల్ కీబోర్డు వైపు చూసుకున్నాడు. పటేలు తండాకు పోయిన రోజును గుర్తుచేసుకున్నాడు. దండ గుర్తొచ్చింది, ఫొటో గుర్తొచ్చింది. అక్కడ ఎవరో చెవిలో వేసిన పేరు కూడా ఒకటి తగిలింది. ప్రాణం లేచొచ్చి గట్టిగా అరిచాడు.

"అమరవీరుడు తుల్సీరాంకు!"

జోహార్ రాలేదు. పెరుగన్నం గిన్నె దగ్గర నిలబడ్డ ముసలాయన మెల్లగా చెయ్యెత్తాడు. ఆయన జమున తండ్రి.

"నేనింక బతికే ఉన్న పటేలా. పెరుగన్నం గూడ తినలే."

ఒక మూల ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, హాలంతా గొల్లుమంది. పెద్ద లీడర్లు కండువాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తుల్సీరాం మాత్రం నవ్వలేదు. చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"నా కొడుకు పేరు హీర్యా," అన్నాడు. మైకు లేకపోయినా చివరి దాకా వినబడింది. నవ్వులు ఆగిపోయాయి.

"హీర్యాకు!" అంది జమున.

"జోహార్!" అంది హాలు.

ఆమె మళ్లీ స్టేజి ఎక్కి ఈసారి మాటలతో, మొదటినుంచి పాడింది. ఎవరూ ఊగలేదు.

గోపాల్ వైర్లు చుట్టుకుంటుంటే పటేలు మనిషి వచ్చాడు. "లీడర్లకు పాట మస్తు నచ్చిందట. కేసముద్రం సభల గూడ గిదే పాడాలంటున్నడు సారు."

"పాడుత," అంది జమున. "పేరు మాత్రం మీ సారే చెప్పాలె. ఎవలు అందియ్యకుండ."

ఆమె మెట్లు దిగి వెళ్తూ చూసింది. సోఫాలో ఒక్కడే కూర్చున్న వెంకట్రాం పటేలు, కొత్తగా పలక పట్టినవాడిలా, పెదవులు కదుపుతూ ఒక పేరును మళ్లీ మళ్లీ దిద్దుకుంటున్నాడు.