కీచురాయికి పెట్టిన మేత

ప్లాస్టిక్ సంచిలో ఆరు కీచురాళ్లు వేసి, చిటికెడు తెల్ల పొడి చల్లి, మూతి బిగించి మెల్లగా ఊపడం కేహౌకి పొద్దున్నే రెండో పని. మొదటిది అన్నం కుక్కర్ పెట్టడం. పొడి పట్టి కీచురాళ్లు పిండిలో దొర్లిన గింజల్లా తెల్లబడతాయి. వాటిని ఒక్కొక్కటిగా పంజరంలో వదిలితే, కొమ్మ మీది ఊసరవెల్లి ఒక కన్ను వాటి మీదా ఇంకో కన్ను ఆమె మీదా పెట్టి చూస్తుంది.

"దానికింకా కొమ్ములు రాలేదా?" అన్నాడు భర్త క్లైడ్, బూట్ల లేసులు కట్టుకుంటూ.

"రాలేదు."

"అసలు సరిగ్గా పెడుతున్నావా నువ్వు?"

సరిగ్గా పెట్టడం తప్ప కేహౌ పెళ్లయిన ఈ పదహారేళ్లలో చేసిందేముంది? ఇంట్లో నలుగురికి, కూలా ఊరి బడి వంటగదిలో మూడువందల మంది పిల్లలకి, ఇప్పుడు దీనికి. బడిలో వంటల పెద్దావిడ "కేహౌకి అలుపుండదు" అని అందరి ముందూ మెచ్చుకుని, ఆ మెప్పుతోపాటు ఇంకో రెండు పెద్ద గిన్నెలు ఆమె వైపు జరుపుతుంది. నలభై రెండేళ్లకి మోకాళ్లు మెట్ల మీద చప్పుడు చేస్తున్నాయని ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే వినే మనిషి కోసం ముందు వెతకాలి.

ఊసరవెల్లిని తెచ్చింది క్లైడ్. రోడ్ల పనిలో కంచె పొదలు కొట్టేస్తుంటే, చిటికెన వేలంత పిల్ల చేతి మీదికి ఎక్కిందట. వాళ్లుండే కొండ మీది ఊసరవెల్లుల్లో పెద్ద మగవాటికి ముక్కు మీద మూడు కొమ్ములుంటాయి. ఈ పిల్లకీ వస్తాయని, తెచ్చి చూపిస్తానని పనిలో అందరితో పందెం కాసి వచ్చాడు. టోరో అని పేరు కూడా పెట్టాడు. వాళ్ల పోర్చుగీసు తాతల మాటలో అంటే ఎద్దు. "కవేనా, ఇది నీది" అని కూతురి చేతిలో పెట్టాడు. పదమూడేళ్ల కవేనా నాలుగు రోజులు దాన్ని ముద్దు చేసింది. అయిదో రోజు నుంచి వాలీబాల్ ఆటలు మొదలయ్యాయి. ఆరో రోజు నుంచి టోరో ఎవరిదీ కాదు, అంటే కేహౌది.

అంత పిల్లకి కీచురాయి కూడా పెద్దదే. అరటిపండు తొక్కలు సీసాలో మగ్గబెట్టి, చిన్న ఈగలు పుట్టించి, రోజుకి రెండుసార్లు పెట్టాల్సి వచ్చింది. "ఇల్లా ఇది, చెత్తకుండీయా?" అంది అత్తగారు. ఆవిడని ఇంట్లో అందరూ వోవో అంటారు, ఆ తాతల మాటలోనే నాయనమ్మ అని. "నా కొడుకు పెళ్లాన్ని తెచ్చుకున్నానని నాతో చెప్పాడు గాని, ఈగల్ని పెంచేదాన్ని తెచ్చుకున్నానని చెప్పలేదే." అని నవ్వింది కూడా. వోవో నవ్వినప్పుడు పక్క పళ్లు లేని ఖాళీలు కనిపిస్తాయి. నీళ్లు గిన్నెలో పెడితే టోరో తాగదు. ఆకుల మీద చల్లితే, జారే చుక్కని నాలుకతో అందుకుంటుంది. అందుకని రోజూ పొద్దునా సాయంత్రం కేహౌ ఆకులకి నీళ్లు చల్లేది. కొండ మీది మబ్బు వంటింటి కిటికీ దాకా దిగి వచ్చే రోజుల్లో మాత్రం, ఆ పని మబ్బే చూసుకునేది.

నెల దాటాక కీచురాళ్లు కొనడానికి దాణా కొట్టుకి వెళ్లింది. కొట్టు మాసా అంకుల్‌ది. ముప్పై ఏళ్లుగా పెరటి నిండా ఊసరవెల్లుల్ని పెంచిన మనిషి.

"దాని రెండు కళ్ల మధ్య ఎంత జాగా ఉందో అంతకంటే పెద్ద పురుగు పెట్టకమ్మా," అన్నాడు. "తెల్ల డబ్బాది కాల్షియం పొడి, అది రోజూ కొంచెం. పచ్చ డబ్బాది విటమిన్లు. అది నెలకి రెండుసార్లే. బలం కదా అని చేతికొచ్చినంత వేశావో, చంపేస్తుంది."

"సరే అంకుల్."

"ఇంకోటి. కీచురాళ్లని పస్తు పెట్టి వెయ్యకు. ముందు రోజు వాటికి కేల్ ఆకు, క్యారెట్, నారింజ ముక్క పెట్టు. ఖాళీ పురుగు తింటే ఖాళీ కడుపే. పురుగు ఏం తింటే ఊసరవెల్లి అది తిన్నట్టు."

"అయితే పురుగుకి మంచి భోగమే."

"ఒక్క రోజు భోగం," అన్నాడు మాసా, చిల్లర ఇస్తూ.

ఇంటికొచ్చే దారంతా ఆ ఒక్క రోజు ఆమె తలలో తిరిగింది. కవేనా పుట్టినప్పుడు వోవో ఆమెని మంచం దిగనివ్వలేదు. పెద్ద గిన్నెలో బీన్స్ సూపు, అందులో ఎముకనంటిన మాంసం, పక్కన వెన్న రాసిన తీపి రొట్టె, గ్లాసుడు పాలు. అంత వేడి తిండి ఎవరో తెచ్చి చేతికివ్వడం ఆమెకి అదే మొదలు. కళ్లనీళ్లు తిరిగితే వోవో అంది, "ఏడవకుండా తిను. నీకోసం కాదు, పాప కోసం. నువ్వు ఏం తింటే పాప అది తిన్నట్టు." ప్రేమగానే అంది. పాప పాలు మానిన వారం సూపు గిన్నె మళ్లీ క్లైడ్ వైపు జరిగింది. ఎవరూ లాక్కోలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఆమే లేచి వడ్డించింది, అందరూ తిన్నాక పొయ్యి దగ్గర నిలబడి గిన్నె అడుగుకి అంటింది గీక్కుని తింది. అలాగే పన్నెండేళ్లు. కవేనా తర్వాత నాలుగు నెలలకి ఒక దవడ పన్ను కదిలి ఊడింది. "బిడ్డకో పన్ను, మా అమ్మ కూడా అనేది," అని వోవో తన నోరు తెరిచి చూపించింది. ఆవిడ కన్నది అయిదుగురిని. ఆ ఖాళీల్ని చూసి కేహౌ కూడా నవ్వింది. ఇన్నాళ్ల తర్వాత, కీచురాళ్ల డబ్బాలో నారింజ ముక్క పెడుతూ, అది నవ్వాల్సిన సంగతి కాదేమో అనిపించింది.

టోరో పెరిగింది. ఒళ్లు పచ్చగా నున్నగా తేలింది. ముక్కు మాత్రం ముక్కులాగే ఉంది. మగపిల్లకయితే చిన్నప్పుడే మూడు బొడిపెలు కనిపిస్తాయని కేహౌ మాసా పెంచే మగ ఊసరవెల్లి పిల్లల్ని చూసి గ్రహించింది. అప్పటికి టోరోకి ఆరు నెలలు. ఆ రోజే చెప్పొచ్చు. చెప్పలేదు. ఆడది అని తెలిస్తే ఆ ఇంట్లో దాని తిండి ఎవరికి గుర్తుంటుందో ఆమెకి తెలుసు.

"మా వాళ్లు రోజూ అడుగుతున్నారు," అన్నాడు క్లైడ్ ఒక ఆదివారం. "ఆ పచ్చ డబ్బాది రోజూ వెయ్యి. బలం చాలకే రావట్లేదు."

"మాసా అంకుల్ నెలకి రెండుసార్లే అన్నాడు."

"మాసాకి పొడి అమ్ముకోవడం రాదు. వెయ్యమన్నాను కదా."

కేహౌ వేసింది. వెయ్యకపోతే సాయంత్రం ఆ మాట మళ్లీ వస్తుంది, మర్నాడు పొద్దున మళ్లీ వస్తుంది. వేస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఆ ప్రశాంతత కోసం ఆమె ఎన్ని మింగిందో లెక్కలేదు. ఈసారి మాత్రం మింగింది ఆమె కాదు. ఆరు వారాలు రోజూ పచ్చ పొడి అద్దిన కీచురాళ్లు టోరో నమ్మకంగా అందుకుంది. ఏడో వారం దాని గొంతు కింద సంచిలా ఉబ్బింది. కళ్లు సగం మూసి, కొమ్మని ఒక చేత్తోనే పట్టుకుని, తిండి ఎదురుగా తిరుగుతున్నా చూడలేదు.

బడికి సెలవు పెట్టి, బూట్ల పెట్టెలో ఆకులు పరిచి మాసా దగ్గరికి తీసుకెళ్లింది. పదహారేళ్లలో తన ఒంట్లో బాగాలేదని ఆమె ఎప్పుడూ సెలవు పెట్టలేదు.

మాసా గొంతు తడిమి చూశాడు. "ఎంత వేశావు?"

"రోజూ."

"నేను చెప్పాను కదమ్మా."

"తెలుసు. తెలిసే వేశాను."

అతను దాన్ని తన వేలి మీదికి ఎక్కించుకుని, "పచ్చది పూర్తిగా ఆపెయ్. నీళ్లు బాగా చల్లు. పెరగడం అయిపోయింది దీనికి, ఇక రోజూ కాదు, రోజు విడిచి రోజు పెట్టు. తేరుకోవచ్చు, తేరుకోకపోవచ్చు," అన్నాడు. "అయినా కొమ్ముల కోసమా ఇదంతా? ఇది ఆడదని నీకు తెలియదా?"

"తెలుసు," అంది కేహౌ. పైకి అనడం అదే మొదటిసారి.

పన్నెండు రోజులు పట్టింది. పదమూడో రోజు పొద్దున టోరో ఒక కీచురాయిని నాలుక చాచి అందుకుంది. ఆ రోజు సాయంత్రం బీన్స్ సూపు. అందరూ బల్ల దగ్గర కూర్చున్నారు. కేహౌ గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"టోరోకి కొమ్ములు రావు," అంది. "అది ఆడది. గొంతు ఉబ్బింది మనం పెట్టిన పొడివల్ల. నువ్వు వెయ్యమన్నావు, నేను వేశాను."

క్లైడ్ చెంచా ఆపాడు. "ఆడదా? ఇన్నాళ్లూ పెట్టిందంతా దండగేనా అయితే? రేపు తీసుకెళ్లి కంచెలో పడేస్తాను."

కవేనా తల వంచుకుని తండ్రి వైపు కాకుండా తల్లి చేతి వైపు చూస్తోంది. అప్పటిదాకా ఆ పిల్ల ఏం చూస్తూ పెరిగిందో కేహౌకి అప్పుడు తట్టింది.

ఆమె పెద్ద గిన్నె తీసుకుంది. అడుగు నుంచి గరిటె పెట్టి, ఎముకనంటిన మాంసం ముక్క తీసి అందులో వేసింది, పైన గింజలు, పైన సూపు. రొట్టెకి రెండు వైపులా వెన్న రాసింది. క్లైడ్ తన గిన్నె కొంచెం ముందుకి జరిపాడు. కేహౌ కుర్చీ లాక్కుని కూర్చుని, తన ముందు పెట్టుకుని, తినడం మొదలుపెట్టింది.

ఆ ఇంట్లో ఆడమనిషి అలా ముందు కూర్చుని తినడానికి ఒకటే కారణం ఉండేది. వోవో ముందుకి వంగి, గొంతు తగ్గించి అడిగింది, "ఏమే, ఈ వయసులో మళ్లీనా? ఎన్నో నెల?"

"నెలల్లేవు వోవో. ఎవరి కోసమూ కాదు. నేనే తింటున్నాను."

వోవో ఆమెని చాలాసేపు చూసింది. నాలుక పళ్లు లేని వైపుకి ఒకసారి వెళ్లి వచ్చింది.

"క్లైడ్," అంది చివరికి, "లేచి నాకు ఆ ఎముక ముక్కల్లో మెత్తనిది చూసి వెయ్యి. నీది తర్వాత వేసుకో."

అతను లేచాడు. సూపు ఇంకా వేడిగానే ఉంది. మరీ వేడిగా, నాలుక చుర్రుమనేంత వేడిగా ఉంది. అది అంత వేడిగా ఉంటుందని కేహౌ మరిచిపోయింది.

"టోరో ఎక్కడికీ వెళ్లదు," అంది క్లైడ్‌తో, ఊదుకుంటూ. "రేపు దానికి తిండి లేని రోజు. ఎల్లుండి కీచురాళ్లు ఎలా పెట్టాలో నీకు నేర్పిస్తాను."