పిన్ని పేరున ఒక ప్యాకేజీ

ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే. సొంత అన్నకూతురు అక్కడ ఉద్యోగంలో చేరి అలా పిలవడం మొదలుపెట్టింది, మిగతావాళ్ళు అందుకున్నారు. ఆయన కట్టిన ఆపరేటింగ్ సిస్టమ్ అంతా ఒకటే ముద్ద. ఒక్క అక్షరం దిద్దినా మొత్తం మళ్ళీ తయారుచేయాలి, అందరూ మొత్తం మళ్ళీ ఎక్కించుకోవాలి. దాన్ని ముక్కలుగా విడదీసి, విడివిడి ప్యాకేజీలు చేద్దామని అమ్మాయి అనేసరికి, బాబాయ్ మూడు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు.

"ఎవరికి కావలసింది వాళ్ళు పెట్టుకుంటారు బాబాయ్. అన్నీ అందరికీ అంటగట్టడం ఎందుకు?"

"నేను అంటగట్టానా? సరే, విప్పుకోండి!"

అలా అన్నవాడే నాలుగోరోజు అందరికన్నా ముందొచ్చి, ఏది లేకపోతే ఏది నడవదో దగ్గరుండి చూపించాడు. ఆయన అలక ఎంతసేపులెండి! రెండు నెలల్లో నూట ఎనభై ప్యాకేజీలు తేలాయి. ప్రతిదానికీ బాగోగులు చూసే మనిషి పేరు ఉండాలి. పేరు లేనిదాన్ని శుక్రవారం తీసేస్తారు.

చివరికి పేరు లేకుండా ఒక్కటి మిగిలింది. తెరమీది అక్షరాలను అరచేతంత చేసి చూపించే చిన్న ప్రోగ్రాం. బాబాయ్ భార్య, పిన్ని, చూపు మందగించి అదే ఆఫీసులో ఉద్యోగం మానేయకముందు రాసింది.

"నా పేరు పెట్టెయ్," అన్నాడు బాబాయ్.

"అందులో ఒక్క లైనైనా తెలుసా నీకు?"

తెలియదు. ఆవిడ చేతిపని చెత్తబుట్ట పాలవుతుందంటే ఆయన ప్రాణం ఉసూరుమంది. ఇంటికెళ్ళి నేరుగా ఆవిడనే అడిగాడు.

పిన్ని బట్టలు మడతపెడుతోంది. "అక్షరం ముక్క చదివి ఆరేళ్ళయింది. నా పేరెందుకండీ, పోనివ్వండి."

"నీ ప్రోగ్రామే పెట్టుకుని చదవచ్చుగా?"

"భలేవారే! మనింటి డొక్కు కంప్యూటర్లో మీ ముద్ద పట్టి చస్తుందా?"

బాబాయ్‌కి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. కొత్తది కొందామన్నప్పుడల్లా 'నాకెందుకు' అనేది, ఈయనా అంతటితో ఊరుకునేవాడు. ఆరేళ్ళు! తనమీద తనకే అసహ్యం వేసింది.

గురువారం సాయంత్రం అమ్మాయి వచ్చింది. సిస్టమ్ పునాది, దానిమీద పిన్ని ప్యాకేజీ, ఆ రెండే ఎక్కించింది. డొక్కు కంప్యూటర్ మూలిగి మూలిగి లేచింది.

పిన్ని తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుని, తను రాసిన లైన్లే తెరిచింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. రెండో పేజీకి వచ్చేసరికి వేగం అందుకుంది. ఉన్నట్టుండి ఆగింది.

"ఇదేమిటి, చివరి అక్షరం సగం తెగిపోతోంది! ఇన్నాళ్ళూ ఎవరూ చూళ్ళేదా?"

"చూసేవాళ్ళు లేకే కదా పిన్నీ, రేపు తీసేస్తున్నది."

"ఎవరే తీసేది? రాయి నా పేరు. ఇంటిపేరుతో సహా రాయి."

బాబాయ్ గబగబా కళ్ళు తుడుచుకున్నాడు. "కాఫీ తెమ్మంటావా?"

"ఏమీ వద్దు. దీపానికి అడ్డంగా నిలబడ్డారు, జరగండి."

ఆయన జరిగాడు. ఇంకా జరగమంటే వీధిలోకైనా వెళ్ళి నిలబడేవాడు.