ఆకు కింద మూడు గింజలు

లోగో అంటే ఏమిటో నాకు తెలియదని ఆ రోజే చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. పెద్దవాళ్లు ఎదురుగా నిలబడి ఏదైనా అడిగితే నా తల దానంతటదే ఊగుతుంది. అసలు జవాబు తర్వాత డైరీలో రాసుకుంటాను.

అడిగింది జగన్నాథరావు సారు. మా కొత్త కాలనీ కట్టిస్తున్న ఇంజనీరు, విజయనగరం వైపు మనిషి. కిందటి వానల్లో మా ఊరు పూలబంద మీదికి కొండచరియ జారాక, మా ఇరవై నాలుగు కుటుంబాలకీ రోడ్డు దగ్గర ఇళ్లు మంజూరయ్యాయి. అవి పూర్తి కావస్తుండగా ఆయన మా ఆశ్రమ పాఠశాలకు వచ్చి, బొమ్మలు బాగా వేసే పిల్ల ఎవరని అడిగారు. హేమలత టీచర్ నన్ను లేపి నిలబెట్టారు.

"నిర్మలా? గేటు కాడ పెద్ద బోర్డు పెడతన్నాం అమ్మా. దానికో లోగో కావాలి. మీ కాలనీకి మీ పిల్లే గీసిందంటే బావుంటాది. గీస్తావా?"

నా తల ఊగింది.

లోగో ఎలా ఉంటుందో తర్వాత ఆయనే చూపించారు. నీళ్ల సీసా మీద ఒకటి, బండి ట్యాంకు మీద ఒకటి, చొక్కా జేబు మీద ఒకటి. ఒకదానికీ ఇంకోదానికీ పోలిక లేదు. "సూడగానే ఇది ఫలానాది అని తెలియాలి, అంతే" అన్నారు. మా ఊరిని చూడగానే మా ఊరని ఎలా తెలుస్తుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. మాకు తెలుసు కదా.

వేసవి సెలవులకు ఇంటికొచ్చి చెబితే నాన్న కుళాయి గీయమన్నాడు. పక్కింటి రత్నాలు పిన్ని థింసా ఆడే ఆడవాళ్లను వేయమంది. "ముందు వరసలో నన్నెయ్యి. కాస్త సన్నంగా ఎయ్యి" అంది. సారుకు కొండలు, సూర్యుడు, రైలు సొరంగం, కాఫీ మొక్క అన్నీ కావాలి. అవ్వకి మాత్రం ఆ కాలనీ మాటే గిట్టదు. కారణం పదిహేడో నంబరు ఇల్లు.

మా దగ్గర ఇల్లు కట్టే ముందు నేలను అడుగుతారు. చోటు శుభ్రం చేసి, మూడు బియ్యపు గింజలు వరసగా పెట్టి, పైన విస్తళ్లు కుట్టే అడ్డాకు బోర్లించి వచ్చేస్తారు. మర్నాడు పొద్దున ఆకు తీసి చూస్తారు. గింజలు పెట్టినవి పెట్టినట్టే ఉంటే నేల ఒప్పుకున్నట్టు. కదిలితే ఆ చోటు వద్దు. కాలనీకి మాత్రం ఎవరూ నేలను అడగలేదు. తాళ్లు లాగి, ముగ్గు పోసి, పునాదులు తీసేశారు. మంచి రోజులు చూసే మా దిశారి గాసి తాత, ఆలస్యమైనా అడగడం అడగడమే అని, గోడలు లేచాక ఇరవై నాలుగు ఇళ్లలోనూ సిమెంటు గచ్చు మీదే గింజలు పెట్టాడు. ఇరవై మూడు ఇళ్లలో కదల్లేదు. పదిహేడులో ఒక గింజ జానెడు దూరం జరిగింది.

వారం తర్వాత చీటీలు తీస్తే ఆ పదిహేడు మాకు వచ్చింది. రత్నాలు పిన్నికి పదహారు. "మీ గింజ నా గుమ్మం వేపే బయల్దేరినట్టుంది. అన్నానికి వస్తాదేమో సూడాలి" అని అందరినీ నవ్వించింది. అవ్వ నవ్వలేదు.

"మీరెళ్లండి. నేనిక్కడే ఉంటాను" అంది.

ఇక్కడ అంటే పాత ఇంట్లో. ఆ ఇంటి వెనక గోడ పగులులో నా చెయ్యి మోచేతి దాకా పడుతుంది. వానలు ఇంకో నెలలో ఉన్నాయి. నాన్న బతిమాలాడు, కోప్పడ్డాడు, రెండు రోజులు మాట్లాడటం మానేశాడు. అవ్వ తిరగలి ముందు చోళ్లు విసురుకుంటూ కూర్చుంది.

నేను నాలుగు రోజులు కొండలు గీసి చించేశాను. అయిదో రోజు ఇంటి కప్పు గీస్తుంటే అది వంగిపోయి బోర్లించిన అడ్డాకులా వచ్చింది. దాని కింద తలుపు గీయాలి. చెయ్యి మాత్రం మూడు గింజలు పెట్టింది. వరసగా, తెల్లగా. ఎందుకు పెట్టానంటే చెప్పలేను. బాగుందనిపించింది, అంతే.

అవ్వ వెనక నుంచి తొంగి చూసింది. "ఏటే గుంటా ఇది?"

"లోగో."

"గింజలు కదేటి. ఎవరింటికి పెట్టావు?"

"ఎవరింటికీ కాదవ్వా. కాలనీ మొత్తానికి."

అవ్వ బొమ్మ మీద వేలు పెట్టి గింజలు లెక్కపెట్టింది. "మొత్తానికీ ఒకేపాలి పెట్టీసినావా?" అని నా పుస్తకం తీసుకుని గాసి తాత దగ్గరికి వెళ్లింది. వెనకాలే నేనూ వెళ్లాను. తాత పుస్తకాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"ఊరంతటికీ కలిపి పెట్టడం నా ఎరికలో లేదు" అన్నాడు. "పెట్టకూడదని కూడా ఎవులూ సెప్పలేదు. బోర్డెక్కినాక పెట్టినవి పెట్టినట్టే ఉంటే, పదిహేడూ అందులోదే కదా."

"అలాగైతే వస్తాను" అంది అవ్వ.

నాన్న ఆ సాయంత్రం నా చెవిలో, "రంగేసిన గింజలు ఎక్కడికి పోతాయే" అని నవ్వాడు. నాకు తికమక మొదలైంది అక్కడే. రంగు కదలదని అవ్వకి తెలియదా? గాసి తాతకి తెలియదా? తెలిస్తే ఎందుకు ఒప్పుకున్నారు? నేను పెట్టినందుకు నేల ఒప్పుకున్నట్టు అవుతుందా? డైరీలో "అవ్వను మోసం చేశాను" అని రాసి కొట్టేశాను. "చేయలేదు" అని రాసి దాన్నీ కొట్టేశాను.

సారు నా బొమ్మను ఫోనులో ఫొటో తీసి విశాఖపట్నంలో బోర్డులు చేసే షాపుకి పంపారు. బోర్డు వచ్చింది. గృహప్రవేశాలకు ముందురోజు పొద్దున దాన్ని గేటు దగ్గర నిలబెట్టి గోనె పట్టా తీశారు. అవ్వ కొత్త చీర కట్టుకుని వచ్చింది.

ఆకు నాదే. దాని కింద గింజలు నావి కావు. గోధుమ రంగులో, బొద్దుగా, నడుమ చీలికతో మూడు కాఫీ గింజలు. వరసగా కూడా లేవు. పొయ్యి రాళ్లలా ముక్కోణంగా ఉన్నాయి.

"కదిలాయి" అంది అవ్వ. వెనక్కి తిరిగి కొండ దారి పట్టింది. నాన్న ఆమె వెనక వెళ్లబోయి, సగం దూరంలో ఆగి నా వైపు చూశాడు.

సారు సంతోషంగా ఉన్నారు. నేను ఆయన దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆయన రెండు ఫోన్లు మాట్లాడేదాకా నిలబడ్డాను.

"ఏటమ్మా?"

"సార్, గింజలు ఎవరు మార్చారు?"

"అదా. షాపోడు టచప్ చేశాడు. బియ్యం గింజలు పెడితే రేషను డిపో అనుకుంటారు సార్, అరకు అంటే కాఫీ కదా అన్నాడు. నిజమే అనిపించింది. నచ్చలేదా?"

నా తల ఊగబోయింది. ఆపుకున్నాను. ఇంటికి పరుగెత్తి, ఎవరో షాపతను డిపో అనుకుంటారని మార్చాడని, అవి వాటంతటవి కదల్లేదని అవ్వకి చెప్పాను. అంత పొడుగు మాట ఒక్క గుక్కలో నేనెప్పుడూ చెప్పలేదు.

అవ్వ అంతా విని, "అయితే మనిషి కదిపినాడన్నమాట" అంది. "మరి పదిహేడులోది ఎవులు కదిపారు?"

మళ్లీ కొండ దిగాను. ఒకే రోజు సారుతో రెండుసార్లు మాట్లాడటం నాకు జ్వరం వచ్చినంత పని. గాసి తాత గింజలు పెట్టిన మర్నాడు పొద్దున పదిహేడులోకి ఎవరైనా వెళ్లారా అని అడిగాను.

"పదిహేడులోకి రోజూ ఎల్లేవోరే" అన్నారు సారు. "మా మోటారు పెట్టింది అందులోనే కదా. తెల్లారగానే అక్కణ్నుంచి పైపు లాగి గోడలు తడిపేవోరు. ఏం?"

ఇంకా చెప్పాల్సి వచ్చింది. అడ్డాకు గురించి, మూడు గింజల గురించి, వెనక గోడ పగులు గురించి చెప్పాను. ఆయన టోపీ తీసి తల తుడుచుకున్నారు.

"ఆకు కనబడితే మావోళ్లు తీసి మళ్లీ మూసుంటారు. అడ్డంగా ఉందని జరిపుంటారు. నాకెవరు సెప్పారమ్మా ఇవన్నీ?" ఇంటి నంబర్లు రాయగా మిగిలిన తెల్లరంగు డబ్బా, ఒక కుంచె, తలుపుల ఆకుపచ్చ రంగు కొంచెం తెచ్చి నా ముందు పెట్టారు. "రేపు పెద్దోళ్లొస్తారు. ఈలోగా నీ గింజలేవో నువ్వే పెట్టుకో. నేను సూడలేదు."

నిచ్చెన ఎక్కి కాఫీ గింజల మీద ఆకుపచ్చ పూశాను. అది ఆరేదాకా ఆగి మూడు తెల్ల గింజలు వేశాను. మూడోది కొంచెం కారింది. అంటే అది కూడా కదిలినట్టా? గాసి తాతని అడిగితే, "నువ్వు బోర్డు సంగతి వదిలెయ్యి. మనిషి సెయ్యి పడితే అది లెక్కలోది కాదు. మళ్లీ అడగాల" అన్నాడు.

పొద్దు వాలుతుండగా అవ్వ కొంగులో బియ్యం కట్టుకుని దిగివచ్చింది. పదిహేడులో మోటారు ఇప్పుడు లేదు. నడిమి గదిలో తనే గచ్చు తుడిచి, మూడు గింజలు పెట్టి, ఆకు బోర్లించింది. తలుపుకి తాళం వేసి, తాళం చెవి నాన్నకి కాకుండా సారుకి ఇచ్చింది. "ఎవుల్నీ ఎల్లనియ్యకు బాబూ" అంది. సారు దాన్ని చొక్కా జేబులో, లోగో ఉన్న జేబులోనే వేసుకున్నారు.

మర్నాడు టెంటు వేసేవాళ్ల కంటే ముందే మేం వెళ్లాం. సారు తాళం తీసి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. అవ్వ ఒక్కతే లోపలికి వెళ్లి, మాకు వీపు పెట్టి కూర్చుంది. ఆకు ఎత్తడం కనిపించింది. చాలాసేపు వంగి చూసింది. తర్వాత ఏరుకున్నట్టు చెయ్యి కదిపింది. ఆ చెయ్యి ఒక్కచోటే ఆగిందో, పక్కకు కూడా వెళ్లిందో నాకు కనబడలేదు.

లేచి బయటికొచ్చి, గుప్పిట్లోవి రత్నాలు పిన్ని కోడికి వేసింది. కోడి తినేసింది.

"అవ్వా, ఎలా ఉన్నాయి?" అన్నాను.

అవ్వ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. నా చేతుల మీద ఇంకా ఆకుపచ్చ రంగు ఉంది.

"నిలబడి సూత్తావేటి" అంది. "ఎల్లి పాత ఇంట్లో పొయ్యి రాళ్లు తే. బేగి."