తిమింగలాల రేవులో పోటీ

ఆ ఏడు తిమింగలాలు ఇంకా వెనక్కి మళ్లకముందే క్రెయిగ్ వచ్చాడు. ఆక్లాండ్‌లోని ఒక బుకింగ్ సంస్థకి టోంగా దీవుల్లోని మా నెయాఫు రేవులో అతనే మనిషి. తిమింగలాల పక్కన ఈదడానికి వచ్చే విదేశీయులు ఏ బోటు ఎక్కాలో అతనే చెప్పేవాడు. వచ్చే సీజన్ నుంచి టికెట్ డబ్బులో సంస్థ వాటా పెరుగుతుందనీ, ఎవరు తక్కువకి వస్తే వాళ్లకే ముందు జనాన్ని పంపుతామనీ రేవు మెట్ల మీద నిలబడి చల్లగా చెప్పి వెళ్లిపోయాడు.

నేను పెనిసిమని అనే అతని బోటు నడిపేవాణ్ణి. ఆ మాట విని అతను తాడు కింద పడేశాడు.

"ధర మళ్లీ తగ్గిద్దాం. మా అక్క తగ్గించేలోపే మనం తగ్గించాలి. గైడ్ కుర్రాణ్ణి మాన్పించేసి నేనే నీళ్లలోకి దిగుతాను," అన్నాడు.

అతని అక్క లవీనియాకి రెండు బోట్లున్నాయి. మా లంగరు పక్కనే ఆవిడ లంగరు. కొన్నేళ్ల కిందట ఆవిడకి రావలసిన జనాన్ని క్రెయిగ్ తక్కువ ధరకి ఇటు తిప్పితే పెనిసిమని కాదనకుండా ఎక్కించుకున్నాడు. మా టోంగాలో తమ్ముడు అక్కకి ఎదురు మాట్లాడడమే తప్పు. ఇక ఆవిడ నోటి దగ్గరిది లాక్కోవడమంటే చెప్పేదేముంది. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఒకరిని చూసి ఒకరు ధర తగ్గించుకుంటూ వచ్చారు.

పెనిసిమని కూతురు హెయిలాలా ఫిజీలోని సూవాలో వ్యాపార నిర్వహణ చదివి వచ్చి, ఊళ్లో బ్యాంకులో పనిచేసేది. ఆ సాయంత్రం తండ్రి చెప్పిందంతా వింది.

"తగ్గించే ముందు నాకు కొంచెం టైమివ్వు నాన్నా. మనల్ని ఎవరు నొక్కుతున్నారో ముందు చూద్దాం."

"చూడ్డానికేముంది? మీ అత్త నొక్కుతోంది."

ఆమె బోటు షెడ్డు గోడ మీద సుద్దతో మధ్యలో ఒక సున్నా, చుట్టూ నాలుగు గీసింది. మధ్యలో ఉన్నవి రేవులోని బోట్లన్నీ. చుట్టూ ఉన్నవాటిలో ఒకటి కొత్తగా దిగబోయేవాళ్లు. ఒకటి మనకి డీజిలు, ఇంజను సామాను అమ్మేవాళ్లు. ఒకటి మన దగ్గర కొనేవాళ్లు. చివరిది, మన బోటు ఎక్కకుండా జనం ఇంకేం చేయగలరో అది.

పెనిసిమని చేతులు కట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇందులో తిమింగలమెక్కడుందే?"

"అది ఏ పోటీలోనూ లేదు నాన్నా. అందుకే సుఖంగా ఉంది."

నేను నవ్వాను. అతను నవ్వలేదు గాని గోడ చెరపమనీ అనలేదు.

ఆమె ఒక్కో సున్నా దగ్గరా ఆగింది. కొత్త లైసెన్సులు ఇవ్వడం లేదు కాబట్టి కొత్తవాళ్ల భయం తక్కువ. డీజిలు అందరికీ ఒకటే ధర. నీళ్లలో తిమింగలం పక్కన ఈదడానికి సాటివచ్చే వినోదం ఈ చుట్టుపక్కల లేదు. మిగిలింది కొనేవాళ్లు. బ్యాంకుకి సెలవు పెట్టి, బోట్లు దిగే జనాన్ని రేవు మీద పట్టుకుని ఈ బోటే ఎందుకు ఎంచుకున్నారని అడగడం మొదలుపెట్టింది. ఎవరూ ఎంచుకోలేదు. బుకింగ్ సంస్థ పంపింది, వచ్చారు. సగం మందికి తాము దిగిన బోటు పేరు కూడా తెలియదు. ధర కొంచెం ఎక్కువైతే రాకపోదురా అంటే, ఇంత సముద్రం దాటి వచ్చాక దానికి వెనక్కి పోతామా అన్నారు. వాళ్ల ఫిర్యాదల్లా నీళ్లలో ఎక్కువసేపు ఉండనివ్వలేదనే.

"మన దగ్గర కొనేది వీళ్లు కాదు నాన్నా, క్రెయిగ్. కొనేవాడు ఒక్కడు, అమ్మేవాళ్లం ఇంతమందిమి. అత్త కాదు మనల్ని నొక్కుతోంది. మనిద్దర్నీ అతనే నొక్కుతున్నాడు."

"అయితే?"

"మనం ఒక్కళ్లమే కాదంటే జనాన్ని ఆపేస్తాడు. అత్త కూడా కాదంటే అతని దగ్గర చాలినన్ని బోట్లుండవు."

పెనిసిమని మొహం నల్లబడింది. "ఆ గుమ్మం నేను తొక్కలేను," అని లేచిపోయాడు.

మర్నాడు హెయిలాలా పెద్దల ముందుకి మర్యాదగా కట్టే చాప నడుముకి చుట్టుకుని, చేమాకుల్లో కొబ్బరిపాలతో వండిన లూ అనే వంటకం పట్టుకుని మేనత్త ఇంటికి బయల్దేరింది. ఒంటరిగా వెళ్లడం బాగుండదని నన్ను తోడు తీసుకెళ్లింది. మేనత్త మాటంటే ఇంట్లో తండ్రి మాటకన్నా పెద్దది. అందుకని గుమ్మం దగ్గరే కింద కూర్చుంది.

"మీ నాన్న పంపాడా?" అంది లవీనియా.

"లేదత్తా. తెలిస్తే ఊరుకోడు."

"సూవా చదువు నీకు భయం తప్ప అన్నీ నేర్పిందన్నమాట."

"భయముందత్తా. అయినా ఒక్కటడగాలి. పోయినేడు నీ బోటెక్కిన వాళ్లలో ఒక్కరికైనా ఇప్పుడు నువ్వు ఫోన్ చేయగలవా?"

లవీనియా విసనకర్ర ఆగిపోయింది. అంతమంది ఆవిడ చేతి అన్నం తిన్నారు, ఆవిడ బోటులో ఏడ్చారు, నవ్వారు. ఒక్క నంబరూ ఆవిడ దగ్గర లేదు. అన్నీ క్రెయిగ్ దగ్గరే ఉన్నాయి.

"లోపలికొచ్చి కూర్చో," అంది చివరికి.

ఇద్దరూ తమ రెండు ఇళ్ల బలమేమిటో, లోటేమిటో, ఎక్కడ సందుందో, ఎక్కడ దెబ్బ తగులుతుందో మాట్లాడుకున్నారు. బోట్లూ, మంచి గైడ్లూ అత్త దగ్గరున్నాయి. ఏ నెలలో తల్లీపిల్లా ఏ దీవి చాటున ఉంటాయో తండ్రికి తెలుసు. సొంతంగా జనాన్ని పిలుచుకునే దారి మాత్రం ఎవరికీ లేదు. మొదటి సీజన్ ఖాళీగా పోవచ్చని హెయిలాలా దాచకుండా చెప్పింది.

"చేద్దాం. కానీ మీ నాన్న వచ్చి అడగాలి. నీతో అడిగించడం కాదు," అంది లవీనియా.

అతన్ని ఒప్పించడానికి ఆమెకి గోడ మీది గీతలు పనికిరాలేదు. "తప్పు చేశావు నాన్నా. చేశానని చెప్పి రా," అంది, అంతే. ఆదివారం చర్చి అయ్యాక అతను, తప్పు ఒప్పుకునేటప్పుడు ఇచ్చే నార బట్ట చుట్ట భుజాన వేసుకుని వెళ్లి, అక్క ముందు తలవంచి కూర్చున్నాడు. ఆ చుట్ట ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడే, "చిక్కిపోయావు, తిను," అంది.

ఇంకో ఇద్దరు బోటు యజమానులు కూడా కలిశారు. అందరం కలిసి క్రెయిగ్‌కి కాదన్నాం. అతను నవ్వి, ఆ సాయంత్రమే లవీనియాని విడిగా కలిసి, వచ్చే సీజనంతా జనాన్ని నీకే పంపుతాను, పాత వాటాకే, అన్నాడు. ఆవిడ ఆ మాట దాచకుండా మా అందరి ముందూ అతని చేతే మళ్లీ చెప్పించింది. ఆపైన, "మా తమ్ముడి బోటు నిండాకే నా బోటు," అంది.

మరుసటి జులైలో మా బోట్లు ఖాళీగా లంగరు దగ్గరే ఊగాయి. కలిసిన ఆ ఇద్దరూ నెల తిరక్కుండానే దొడ్డిదారిన క్రెయిగ్ దగ్గరికి పోయారు. పెనిసిమని రెండో ఇంజను అమ్మేశాడు. హెయిలాలా బ్యాంకు మానేసింది. పొద్దున్నే చిన్న పడవ వేసుకుని రేవులో ఆగిన విదేశీయుల తెరచాప పడవలన్నిటి దగ్గరికీ వెళ్లేది. అతిథి గృహాల వాళ్లతో మాట్లాడింది. ఎక్కినవాళ్లని నీళ్లలో తొందరపెట్టొద్దని మాకు గట్టిగా చెప్పింది. దిగేటప్పుడు ప్రతివాళ్ల పేరూ నంబరూ అడిగి పెట్టుకునేది. ఎవరైనా "ఎలా ఉంది వ్యాపారం?" అని వెటకారంగా అడిగితే, "ఇల్లు కట్టినట్టు కడుతున్నాం," అనేది.

ఆగస్టు చివరికి బోట్లు సగం నిండాయి. మరుసటేడు పోయినేటి వాళ్లే తమ చుట్టాల్ని పంపారు. సీజన్ మధ్యలో క్రెయిగ్ వచ్చి, మీ బోట్లలో కొన్ని సీట్లు మా సంస్థకి అమ్ముతారా అని అడిగాడు. ధర ఆమె చెప్పింది. అతను ఒప్పుకున్నాడు.

తిమింగలాలు దక్షిణానికి మళ్లే రోజుల్లో, విడిపోయిన ఆ ఇద్దరూ తలలు దించుకుని షెడ్డు దగ్గరికి వచ్చారు. మళ్లీ కలుపుకోమన్నారు.

"పొండి," అన్నాడు పెనిసిమని.

"వద్దు నాన్నా. వాళ్లు బయటుంటే ఆ బలం క్రెయిగ్‌దవుతుంది," అంది హెయిలాలా.

అందరూ లవీనియా వంక చూశారు. ఆవిడ ఆ ఇద్దర్నీ తేరిపార చూసింది.

"కలుపుదాం. ముందు ఆ మెట్లకి పట్టిన నాచు గీకమను," అంది.

ఇద్దరూ చొక్కాలు విప్పి నీళ్లలోకి దిగారు. హెయిలాలా వాళ్లకి గీకుడు బద్దలు అందించి, వచ్చే సీజన్‌కి ఏ రోజు ఎవరి బోటు ముందు వెళ్లాలో మెట్ల మీద కూర్చునే మాట్లాడడం మొదలుపెట్టింది.