తీయుమన్న మాట

జ్యేష్ఠమాసమునందొక మధ్యాహ్నమున ప్రచండమార్తాండకిరణములకు నాగావళీసైకతములు కుమ్మరియావమువలెఁ గ్రాఁగుచు ప్రవాహము సన్నని పాయయై యావలిగట్టు నంటి మెల్లఁగాఁ బాఱుచుండ, తత్తీరమున సంస్థానాధీశ్వరుఁడు గట్టించుచున్న వైద్యశాలయొక్క మహాద్వారముపై నూతనముగాఁ దీర్చిన యిటుకకమాను, సున్నము త్వరగా నాఱి పగులకుండుటకై తడికలచే మూయఁబడి, క్రింది కొయ్యచట్రముమీఁద భారము మోపి గట్టిపడుటకై యెదురుచూచుచుండెను.

దానిని రచియించిన వాస్తుశిల్పి హకోబు అరటూను. ఆర్మేనియాదేశమున స్వగ్రామము దగ్ధమై బంధుజనము హతము గాఁగా నోడనెక్కి వచ్చి యీ సంస్థానమున నాశ్రయము వడసినవాఁడు. ఈ కొలువు పోయినచో నతనికి మరలిపోవ దేశము లేదు. తెలుఁగు నాఱుమాసములనుండి నేర్చుచుండెను. తలుపు తీయుట యనఁగాఁ దెఱచుట యని యెఱుఁగును గాని తీయుటకుఁ దొలఁగించుట యనియు నర్థము గలదని యెఱుఁగఁడు.

ఆనాఁడతఁడు తడికలు తెఱపించి లోపలిభాగముఁ జూడఁగోరి మేస్త్రి గవరయ్యను బిలిచి "ద్వారము తీయుము" అనెను.

ముప్పదియేండ్లు తాపీ పట్టిన గవరయ్య తల గోఁకికొని "ద్వారం తియ్యడమేటి బాబూ, కమాను కింద కొయ్యలు తీసీమంటారా? సున్నం ఇంకా పచ్చిగుంది. పదిరోజులాగితే మీ సొమ్మేటి పోతాది?" అనెను. కూలిస్త్రీలు కిలకిల నవ్విరి. ఆ పలుకులలో నరటూనునకుఁ దెలిసినది తీయుట యొక్కటియే. తన యుచ్చారణమునకే నవ్విరని సిగ్గుపడి "ఔను, తీయుము. ఇప్పుడే" యని కఠినముగాఁ బలికి కొలతలకై పడమటిగోడచాటునకుఁ బోయెను.

చట్రము తొలఁగింపఁబడెను. కమాను గూలెను. సున్నపుఁదట్టలతోఁ గ్రింద నడచుచున్న యిద్దఱు స్త్రీలు మృతులైరి.

దివానుగారి విచారణలో గవరయ్య చేతులు కట్టుకొని నిలిచి "బాబుగారే తీమన్నారండి. పచ్చిగుందని సెప్పినాను. ఆయన్నే అడగండి, ఆయన అబద్దమాడరు" అనెను. అప్పటికే దుబాసివలన నా పదముయొక్క రెండవయర్థము నరటూను గ్రహించియుండెను. జరిగినది చెప్పినచోఁ దన కొలువు పోవును. చెప్పనిచో మేస్త్రి చెఱసాలకుఁ బోవును. అతఁడు "కొయ్యలు తీయుమని నే నెన్నఁడును ననలేదు" అనెను. అక్షరములు మాత్రము చూచినచో నా వాక్యమున నసత్యము లేదు.

గవరయ్యకు నేడేండ్లు శిక్ష పడెను. మూఁడవయేఁట జ్వరపీడితుఁడై చెఱసాలయందే మరణించెను.

తరువాతి యిరువదియేండ్లలో నరటూను పాఠశాలలు గ్రంథాలయములు విపణిశాలలు నిర్మించి దేశమంతటఁ బ్రఖ్యాతుఁడయ్యెను. వానిలో నెందును గమాను లేదు. ద్వారములన్నిటిపైనను నడ్డురాతిదూలములే. చూచినవారది సరళతాసౌందర్యమని శ్లాఘించిరి. అతఁడు తెలుఁగును వ్యాకరణముతోఁ జదివి, యే పదము విన్నను దానికెన్ని యర్థములుగలవో యడిగి వ్రాసికొనెడివాఁడు.

అతఁడు గట్టిన న్యాయస్థానమునకుఁ బ్రవేశోత్సవము జరిగిన దినమున నొక వృద్ధస్త్రీ భటులను దాఁటివచ్చి యతని పాదములకు మ్రొక్కెను. ఆమె గవరయ్యభార్య యసిరమ్మ. చచ్చినవారి యుసురు తగిలినదని యూరివారు నేఁటికిని నామె యింట నీరు ముట్టరు.

"మా ఆయన తొందరమనిసి బాబూ. మీ మాట తెలుసుకోలేక రెండు పేణాలు తీసీసినాడు. మీకు సెడ్డపేరు తేబోయినాడు. సెమించీసినానని ఒక్కమాటనండి, నలుగురూ ఇంటారు."

అరటూను వంగి యామెను లేవనెత్తెను. చుట్టును దివాను రాజబంధువులు పండితులు నిలిచియుండిరి.

"క్షమించితిని, తల్లీ. నిశ్చింతగాఁ బోయి రమ్ము."

ఆమె కన్నులొత్తికొని మెట్లు దిగి పోయెను. పరదేశి నోట వెలువడిన యా తెలుఁగులో నొక్క దోషమైనను లేదని పండితులు తమలోఁ దాము మెచ్చుకొనిరి.